పడుగు జారిన జల్లెడ: మగ్గం నుంచి క్రషర్ జాలి దాకా



పోయిన నెల మన హాస్టల్ పై అంతస్తు పని జరుగుతున్నప్పుడు ఒక సంగతి జరిగింది. అక్కడున్నవాళ్ళకు తెలుసు, లేనివాళ్ళ కోసం చెబుతున్నాను. గోడలకు ప్లాస్టరింగ్ చేసిన మూడో రోజుకే వెంట్రుక మందాన చీలికలు కనిపించాయి. మేస్త్రీని అడిగితే సిమెంటు బాగాలేదన్నాడు. సిమెంటు అమ్మినాయన మీరు నీళ్ళు సరిగ్గా పట్టలేదన్నాడు. నీళ్ళు పట్టిన పిల్లవాడు ఏడుపు మొహం పెట్టాడు.

మన కమిటీలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి. నలభై ఏళ్ళు గుంట మగ్గంలో కూర్చున్న మనిషి. ఎవరితోనూ వాదించకుండా వెళ్ళి ఎం-శాండ్ కుప్ప దగ్గర గొంతుక్కూర్చున్నారు. పిడికెడు ఇసుక గాజు గ్లాసులో వేసి, నీళ్ళు పోసి కలిపి పక్కన పెట్టారు. టీ తాగి వచ్చేసరికి ఇసుక అడుగున దిగింది, దాని మీద ఒక వేలు మందాన బూడిద లాంటి పొడి పేరుకుంది. ఆ తర్వాత కుప్పలో చెయ్యి పెట్టి కెలికితే శనగ గింజంత రాళ్ళు వచ్చాయి. పొడి ఎక్కువ, రాళ్ళూ ఉన్నాయి. ఆయన ఆ రాళ్ళను అరచేతిలో పెట్టుకుని నాతో అన్న మాట ఇది: "పొడి సంగతి సరే నాయనా, ఈ రాళ్ళు చూడు. వాళ్ళ జల్లెడలో పడుగు జారింది."

నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. క్రషర్ల గురించి, స్క్రీన్ల గురించి పిల్లలకు పాఠాలు చెప్పాను. కానీ క్రషర్ చూడకుండా, జాలి చూడకుండా, చేతిలోని రాయిని చూసి "పడుగు జారింది" అనడం నాకు రాలేదు. అది నేతగాడి చూపు. ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక్క మాట. క్రషర్ జాలి, దోమల జాలి, టీ వడకట్టే జాలి, డ్రిప్ ఫిల్టర్‌లోని జాలి, ఇవన్నీ తీగతో నేసిన గుడ్డలే. పోలిక కోసం అలా అనడం లేదు, అవి నిజంగానే మగ్గం మీద నేసినవి. మగ్గంలో పొడుగునా బిగించి కట్టేది పడుగు. అడ్డంగా నాడెలో పోయేది పేక. పడుగు పోగుల్ని సమానమైన ఎడంలో నిలబెట్టేది దువ్వెన పళ్ళలాంటి అచ్చు. తీగ జాలి నేసే యంత్రంలో కూడా పడుగు తీగ ఉంటుంది, పేక తీగ ఉంటుంది, అచ్చు ఉంటుంది. దారం స్థానంలో ఇనుమో, ఇత్తడో, స్టెయిన్‌లెస్ స్టీలో వచ్చింది, అంతే.

తేడా ఒక్కచోట ఉంది. గుడ్డ కొనేటప్పుడు మనం దారం చూస్తాం. జాలి కొనేటప్పుడు సందు చూడాలి. జాలిలో అసలు సరుకు ఖాళీయే. ప్రతి సందూ పక్క సందుతో సమానంగా ఉండాలి, అలా ఏళ్ళ తరబడి నిలవాలి. తీగ చేసే పనల్లా ఆ ఖాళీని కాపాడటం. మా పెద్దాయన అన్నది దాన్నే. పడుగు తీగ పక్కకు జరిగితే ఒక సందు ఇరుకవుతుంది, దాని పక్క సందు వెడల్పవుతుంది. ఆ వెడల్పు సందులోంచే శనగ గింజంత రాళ్ళు మన ప్లాస్టరింగ్‌లోకి వచ్చాయి.

జాలి అనే మాట 'జాలం' నుంచి వచ్చింది, అంటే వల. మన జిల్లాలోనే దీనికి రాతి సాక్ష్యం ఉంది. నంది గ్రామంలోని భోగనందీశ్వర ఆలయం 9వ శతాబ్దం నాటిది. ఆ గుడి గోడల్లో రాతిని తొలిచి చేసిన కిటికీలు చూడండి. గాలి, వెలుతురు లోపలికి రావాలి, రాకూడనివి బయటే ఉండాలి. జాలి పని ఆనాడూ అదే, ఈనాడూ అదే. ఈసారి వెళ్ళినప్పుడు దేవుడికి దండం పెట్టుకున్నాక ఆ కిటికీల దగ్గర కూడా రెండు నిమిషాలు నిలబడండి.

తీగ రాకముందు జల్లెడలు దేనితో చేసేవాళ్ళు? మన ఊళ్ళలో మేదరులు వెదురు బద్దలతో అల్లేవాళ్ళు. రాగులు, కందులు జల్లించడానికి అవి చాలేవి. మెత్తటి పొడి కావాలంటే గుడ్డే గతి. ఆయుర్వేదం మందులు నూరేవాళ్ళు చూర్ణాన్ని పలచటి బట్టలో వేసి జల్లిస్తారు, దాన్ని వస్త్రగాళితం అంటారు. అంటే మనం నేసిన బట్టే అతి సన్నటి జల్లెడ. యూరప్‌లో గుర్రపు వెంట్రుకలతో జల్లెడలు నేసేవాళ్ళు. 19వ శతాబ్దంలో గోధుమ పిండి మిల్లులకు స్విట్జర్లాండ్‌లో ప్రత్యేకంగా పట్టు గుడ్డ నేసేవాళ్ళు, పిండిని ఆ పట్టులోంచే జల్లించేవాళ్ళు. శిడ్లఘట్ట పక్కన పుట్టి పెరిగిన మనం పట్టంటే పెళ్ళి చీర అనుకుంటాం. ఒక కాలంలో ప్రపంచం తిన్న మెత్తటి పిండి పట్టు నేతలోంచే రాలింది.

ఇక లోహపు తీగను మగ్గం ఎక్కించడం సంగతి. అది మనకు కొత్త కాదు. జరీ అంటే ఏమిటి? వెండిని సన్నటి తీగగా లాగి, చదును చేసి, పట్టు పోగు చుట్టూ చుట్టి, బంగారు పూత పూసినది. మన శిడ్లఘట్ట పట్టుతో ధర్మవరం మగ్గాల మీద నేసే చీర అంచుల్లో ఉన్నది లోహమే. లోహం విరగకుండా, మెలిక పడకుండా, పట్టుతో సమానంగా బిగువు పట్టించి నేయడం మన తాతల చేతికి తెలుసు. చీర అంచు దగ్గర మనం ఆగిపోయాం. అదే విద్యను వేరే దేశాల నేతగాళ్ళు కార్ఖానాల్లోకి తీసుకెళ్ళారు. ఆ చరిత్రలో మూడు నాలుగు మజిలీలు చెబుతాను.

మొదటిది కాగితం. 1799లో ఫ్రాన్స్‌లో నికొలా లూయీ రొబేర్ అనే ఆయన కాగితం తయారుచేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఒక్కొక్క కాగితాన్నీ చేత్తో జాలి చట్రం ముంచి తీసేవాళ్ళు. ఈయన తీగ జాలిని రెండు చివరలూ కలిపి, ఆగకుండా తిరిగే పట్టీగా చేశాడు. గుజ్జు నీళ్ళు దాని మీద పడతాయి, నీళ్ళు సందుల్లోంచి దిగిపోతాయి, నార పైన నిలిచి కాగితమవుతుంది. ఇంగ్లండులో ఫోర్‌డ్రినియర్ సోదరులు ఈ యంత్రం మీద డబ్బు పెట్టారు, బ్రయాన్ డాంకిన్ అనే ఇంజనీరు దాన్ని పనిచేసేలా తీర్చిదిద్దాడు. ఆ యంత్రానికి ఇప్పటికీ ఆ సోదరుల పేరే. పత్రికలు, పాఠ్యపుస్తకాలు చవకైంది అప్పటినుంచే.

రెండోది అమెరికాలోని కనెక్టికట్‌లో గిల్బర్ట్ అండ్ బెనెట్ అనే కంపెనీ. 1818లో మొదలైంది. మొదట్లో వాళ్ళది గుర్రపు వెంట్రుకల జల్లెడల వ్యాపారం. తర్వాత తివాచీలు నేసే మగ్గం మీద తీగ ఎక్కించి జల్లెడ గుడ్డ నేయడం మొదలుపెట్టారు. 1861లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది, దక్షిణాది రాష్ట్రాలకు సరుకు పోవడం ఆగిపోయింది. నేసిన తీగ గుడ్డ గోదాములో పడి ఉంది. ఏం చేయాలో తోచక, తుప్పు పట్టకుండా దానికి రంగు పూసి, కిటికీలకు బిగించుకోండని అమ్మారు. అమ్ముడుపోని జల్లెడ గుడ్డ అలా ఈగలు, దోమలు ఆపే కిటికీ జాలి అయింది.

మూడోది ఇంగ్లండులోని నారిచ్ పట్టణం. ఉన్ని నేతకు పేరున్న ఊరు. 1844లో అక్కడి చార్లెస్ బార్నార్డ్ నేత యంత్రాన్ని చూసి, దాని పద్ధతిలో తీగ వల చేసే యంత్రం తయారుచేశాడు. కోళ్ళ గూళ్ళకు కట్టే ఆరు మూలల సందుల జాలి అదే. నాలుగోది మళ్ళీ అమెరికాలోని క్లింటన్ అనే ఊరు. తివాచీలకు మర మగ్గం కనిపెట్టిన ఎరాస్టస్ బిగెలో 1850ల్లో తీగ నేతను మర మగ్గం మీదికి తెచ్చాడు.

గమనించండి. తివాచీ మగ్గం, ఉన్ని నేత ఊరు, మళ్ళీ తివాచీ మగ్గం. తీగ జాలి పరిశ్రమ కమ్మరి కొలిమి పక్కనుంచి రాలేదు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది.

ఈ జాలి మనుషుల ప్రాణాలు కాపాడిన కథ కూడా ఉంది. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయారు. గనిలో వాయువు ఉంటుంది, దీపం మంట దానికి తగిలితే పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త దీపం మంట చుట్టూ సన్నటి తీగ జాలిని గొట్టంలా పెట్టాడు. అంగుళానికి 28 సందులు, అంటే చదరపు అంగుళానికి 784. వాయువు లోపలికి వచ్చి అక్కడ మండినా, ఆ మంట సందులు దాటి బయటికి వెళ్ళలేదు. వేడిని తీగ పీల్చేస్తుంది, బయటి వాయువు అంటుకునేంత వేడి మిగలదు. మంటను ఆపింది గాజు కాదు, రాయి కాదు, సందులున్న గుడ్డ. అయితే ఆ జాలిలో ఒక్క తీగ తుప్పుపట్టి తెగినా ఆ దీపమే యముడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ చివర్లో దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మన వైపు వద్దాం. 2007 దాకా మనదీ కోలారు జిల్లానే కదా. కోలారు బంగారు గనుల్లో 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగింది. గనిలోంచి తీసిన రాయిని పొడి చేయడానికి మొదట్లో ఉక్కు రోకళ్ళ మిల్లులుండేవి. వరసగా నిలబెట్టిన బరువైన రోకళ్ళు నీళ్ళతో కలిసిన రాతిని దంచుతుంటే, ఎదురుగా జాలి బిగించి ఉండేది. ఆ సందు దాటేంత మెత్తగా నలిగిన రాయి మాత్రమే బయటికి వచ్చి, పాదరసం పూసిన రాగి పలకల మీద పారేది. బంగారం పాదరసానికి పట్టుకునేది. జాలి సందు పెద్దదైతే రాతి లోపలి బంగారం రాయితోనే పోతుంది. మరీ చిన్నదైతే మిల్లు సాగదు. తమిళ, తెలుగు కూలీలు ప్రాణాలకు తెగించి మూడు కిలోమీటర్ల లోతు నుంచి తెచ్చిన రాయిలో ఎంత బంగారం చేతికొస్తుందన్నది కొంత ఆ సందు మీద ఆధారపడింది. 2001లో గనులు మూతపడ్డాయి. బంగారం తీసేశాక మిగిలిన పొడి గుట్టలు ఈనాటికీ అక్కడే ఉన్నాయి, గాలి వీస్తే ఊరి మీద పడతాయి. జల్లెడ దాటినదంతా ఎక్కడికో పోదు, ఎవరి ఇంటి మీదో పడుతుంది.

ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పకుండా మన జిల్లాలో ఏ పరిశ్రమ కథా పూర్తి కాదు. 1923లో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రావతి ఇనుప కర్మాగారాన్ని ఛైర్మన్‌గా ఆయన నిలబెట్టారు. అదే భద్రావతిలో 1936లో మైసూరు పేపర్ మిల్స్ ఏర్పడింది. కాగితం మిల్లు గుండెకాయ తీగ జాలి పట్టీయే అని పైన చెప్పాను కదా. మనలో చాలామంది చిన్నప్పుడు రాసుకున్న నోటు పుస్తకాల కాగితం అలాంటి నేత మీదే పుట్టింది. ఈ రోజుల్లో కాగితం మిల్లుల్లో లోహం బదులు పాలిస్టర్ పోగుల జాలి వాడుతున్నారు. అంటే దారం నుంచి తీగకు వెళ్ళిన నేత మళ్ళీ దారానికే తిరిగి వచ్చింది.

ఇక జాలిలో రకాలు. హాస్టల్ పిల్లలు ఈ భాగం జాగ్రత్తగా చదవండి, పరీక్షకు కూడా పనికొస్తుంది.

సాదా నేత: ఒక తీగ పైకి, ఒక తీగ కిందికి. మన గావంచా నేతే. కిటికీ దోమల జాలి, వంటింటి జల్లెడ, బొరుగుల భట్టీలో ఇసుక జల్లించే జల్లెడ, అన్నీ ఇవే. దోమల జాలికి అంగుళానికి 16 నుంచి 18 సందులుంటాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక ఈ జాలికి విలువ పెరిగింది. పనామా కాలువ తవ్వేటప్పుడు అమెరికా వాళ్ళు ఉద్యోగుల ఇళ్ళ వసారాలకు రాగి జాలి బిగించారు. అంతకుముందు ఫ్రెంచి వాళ్ళు అదే కాలువ తవ్వబోయి మలేరియా, పచ్చజ్వరాలతో వేల మందిని పోగొట్టుకున్నారు.

ట్విల్ నేత: రెండు పైకి, రెండు కిందికి, వరస వరసకూ ఒక పోగు జరుగుతూ. జీన్స్ గుడ్డ మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయే, అదే నేత. సందు చిన్నది కావాలి కానీ తీగ బలంగా ఉండాలి అన్నప్పుడు సాదా నేతలో తీగ అంతలా వంగలేదు. ట్విల్‌లో వంపులు తక్కువ కాబట్టి కుదురుతుంది. సన్నటి ఫిల్టర్లలో ఇది వాడతారు.

డచ్ నేత: పడుగు తీగలు మందంగా, ఎడంగా. పేక తీగలు సన్నగా, ఒకదాన్నొకటి ఆనుకునేలా బాదినవి. వెలుతురుకు ఎదురుగా పట్టినా సూటిగా సందు కనిపించదు. నూనె, నీళ్ళు పక్కదారుల్లోంచి దిగుతాయి, నలకలు ఆగిపోతాయి. ఒత్తిడి ఎక్కువగా ఉండే నూనె ఫిల్టర్లలో, ప్లాస్టిక్ కరిగించి తోసే యంత్రాల్లో దీని పని.

వంపు తీగ జాలి: దీన్నే క్రింప్ జాలి అంటారు. మందమైన తీగ నేసేటప్పుడు తనంతట తాను వంగదు. అందుకని పడుగునూ పేకనూ ముందుగానే అలల్లా వంచి, ఆ వంపుల్లో ఒకదాన్నొకటి కూర్చోబెడతారు. క్రషర్‌లో వాడేది ఇదే, గట్టి స్ప్రింగు ఉక్కుతో. వంపులన్నీ అడుగువైపే పెట్టి పైభాగం చదునుగా చేసే రకం కూడా ఉంది, రాళ్ళు దాని మీద తేలిగ్గా జారతాయి. 40, 20, 12 మిల్లీమీటర్ల జల్లి వేరుచేసేది ఈ జాలులే, ఒకదాని కింద ఒకటి అంతస్తుల్లా బిగించి, యంత్రంతో ఊపుతారు. ఇల్లు కట్టినవాళ్ళందరూ లోడుకు ఇంత అని డబ్బు కట్టింది ఆ సందుల పేరుతోనే.

ఒక చిన్న లెక్క. బాగేపల్లి, చింతామణి వైపు బోరు నీళ్ళతో డ్రిప్ పెట్టిన రైతులందరి దగ్గరా ఫిల్టర్ ఉంటుంది, దాని మీద 120 మెష్ అని రాసి ఉంటుంది. మెష్ అంటే అంగుళానికి ఎన్ని సందులు అని. అంగుళం 25.4 మిల్లీమీటర్లు. దాన్ని 120తో భాగిస్తే 0.21. అందులోంచి తీగ మందం, సుమారు 0.08, తీసేయండి. మిగిలింది 0.13 మిల్లీమీటరు, అంటే 130 మైక్రాన్లు. అంతకన్నా పెద్ద ఇసుక రేణువు డ్రిప్పర్‌లోకి పోదు. చూశారా, మెష్ సంఖ్య ఒక్కటే చెబితే చాలదు, తీగ మందం కూడా అడగాలి. అదే 120 మెష్‌లో తీగ సన్నదైతే సందు పెద్దదవుతుంది. చీర కొనేటప్పుడు పోగు నంబరు, అచ్చు లెక్క రెండూ అడిగే మన పెద్దవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు.

పట్టు పురుగులు పెంచే ఇళ్ళకు ఒక మాట. 1980లో ఊజి ఈగ కర్ణాటకలోకి వచ్చింది. అంతకుముందు మన రైతులకు దాని పేరే తెలియదు. ఆ ఈగ పట్టు పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. రెండు రోజుల్లో పిల్ల పుట్టి పురుగు శరీరంలోకి దూరుతుంది, దూరినచోట నల్లటి మచ్చ పడుతుంది. పురుగు గూడు కట్టకముందే చస్తుంది, లేదా కట్టిన గూటికి కన్నం పడుతుంది. కన్నం పడ్డ గూటిలోంచి పోగు తెగకుండా రాదు. ఒక్క ఈగ వందల గుడ్లు పెడుతుంది. మందు చల్లితే పట్టు పురుగే చస్తుంది కాబట్టి, అన్నిటికన్నా ముందు పెట్టుకోవాల్సిన కాపలా కిటికీ జాలి, తలుపు జాలి. మా బంధువుల ఇంట్లో ఒకసారి కిటికీ మూల జాలి ఎలుక కొరికితే, తర్వాత చూద్దాంలే అని గోనెపట్టా అడ్డం పెట్టారు. ఆ పంట సగం పోయింది. దేశంలోని పెద్ద పట్టుగూళ్ళ మార్కెట్లలో ఒకటైన శిడ్లఘట్టకు బండి కట్టాల్సిన రోజున ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. పట్టు నేతకు పోగు ఇచ్చే పురుగును కాపాడేదీ ఒక నేతే.

ఇప్పుడు మళ్ళీ మన ఇసుక కుప్ప దగ్గరికి వద్దాం. ఒక జల్లెడ సరైనదా కాదా అని ఎవరు చెప్పాలి? అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డబ్ల్యూ.ఎస్. టైలర్ కంపెనీ 1910 ప్రాంతంలో జల్లెడలకు ఒక వరస ఏర్పాటు చేసింది. 200 మెష్, 74 మైక్రాన్ల సందును ఆధారంగా పెట్టుకుని, పై జల్లెడ సందు కింది జల్లెడ సందుకు 1.414 రెట్లు ఉండేలా పేర్చింది. అంటే ప్రతి మెట్టుకూ సందు వైశాల్యం రెట్టింపు. ఇప్పుడు మన దేశంలో పరీక్ష జల్లెడలకు ఐఎస్ 460, ఇసుకకు, జల్లికి ఐఎస్ 383 అనే ప్రమాణాలున్నాయి. ఇసుక అనిపించుకోవాలంటే అది దాదాపుగా 4.75 మిల్లీమీటర్ల సందు దాటాలి. కాంక్రీటుకు వాడే రాతి ఇసుకలో 150 మైక్రాన్ల సందు కూడా దాటిపోయే మెత్తటి పొడి 20 శాతం మించకూడదు. ప్లాస్టరింగ్‌కు ఇంకా జాగ్రత్త కావాలి. పొడి ఎక్కువైతే నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, గోడ చీలుతుంది. మన హాస్టల్ గోడ మీద జరిగింది అదే.

క్రషర్‌లో జాలి రోజంతా రాతి దెబ్బ తింటుంది. తీగ అరిగేకొద్దీ సందు పెరుగుతుంది. ఒక తీగ తెగితే పక్కవి జారతాయి. మంచి క్రషర్ వాళ్ళు వేళకు జాలి మారుస్తారు. మనకు ఇసుక తోలినాయన ఎక్కణ్ణుంచి తెచ్చాడో ఆయనతో మాట్లాడి, సరుకు మార్పించాం. పేరు ఇక్కడ రాయడం లేదు, పని అయిపోయింది కాబట్టి.

ఇంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. మన ఇళ్ళ పిల్లలు ఇప్పుడు మగ్గం దగ్గర లేరు, చాలామంది క్రషర్లలో, క్వారీల్లో ఉన్నారు. నేసిన పరీక్ష జల్లెడలు మామూలుగా ఇరవై మైక్రాన్ల దగ్గర ఆగిపోతాయి. ఊపిరితిత్తుల లోతుకు వెళ్ళి గట్టిపడే రాతి ధూళి అందులో సగం కన్నా, పావు కన్నా చిన్నది. క్రషర్ జల్లెడ దాన్ని పట్టదు. నీళ్ళు చల్లడం, జాలి అంతస్తుల మీద మూత కప్పడం, సరైన మాస్కు, ఇవే దారి. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే చాలనుకుంటున్నారు. చేతిరుమాలు కూడా నేతే బాబూ, దాని సందు ఎంతో నేతగాడి మనవడివి నీకే తెలియాలి. సిలికోసిస్ వస్తే తిరిగి తగ్గదు. డేవీ దీపం గురించి పైన చెప్పిన మాట ఇక్కడ పెట్టుకోండి. ఒక్క సందు తప్పితే చాలు.

చివరగా కమిటీకి నా మనవి మూడు మాటల్లో. ఒకటి, సంఘం తరఫున 4.75 మిల్లీమీటర్లు, 150 మైక్రాన్లు, రెండు పరీక్ష జల్లెడలు కొందాం. సభ్యులెవరు ఇల్లు కట్టుకున్నా తీసుకెళ్ళి ఇసుక చూసుకోవచ్చు. రెండు, క్రషర్లలో పనిచేసే మన పిల్లలకు ఏడాదికోసారి ఛాతీ పరీక్ష చేయించే ఏర్పాటు గురించి వచ్చే సమావేశంలో మాట్లాడదాం. మూడు, పాత మగ్గాల మాటలు తెలిసిన పెద్దవాళ్ళు మనకు కొద్దిమందే మిగిలారు. వాళ్ళ దగ్గర కూర్చుని ఆ మాటలు రాసుకుందాం.

మొన్న ఆదివారం హాస్టల్‌లో మెకానికల్ చదివే ఒక పిల్లవాడు సన్నటి స్టీలు ఫిల్టర్ ముక్క ఒకటి, ఒక భూతద్దం తెచ్చి మా పెద్దాయన చేతిలో పెట్టాడు. ఇదేం నేతో చెప్పండి తాతా అన్నాడు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురుకు ఎదురుగా పట్టి కాసేపు చూశారు. "రెండు పైకి, రెండు కిందికి. మంచి చెయ్యి. ఎవరు నేశారు?" అని అడిగారు. మిషను నేసింది తాతా అన్నాడు వాడు. "మిషనుకు ఎవరు నేర్పారు?" అన్నారు ఆయన.

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. మీ ఇంట్లో పాత అచ్చు, నాడె, కండె ఏదైనా అటక మీద ఉంటే పాత ఇనుము వాడికి వేయకండి. ఫోటో తీసి, మీ ఇంట్లో దాన్ని ఏమని పిలిచేవాళ్ళో కింద రాయండి. ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క మాట ఉంటుంది, అన్నీ పోగు చేద్దాం.